కదిలితేనే రికార్డు

మా కొట్టుకి కెమెరాలు దొంగల కోసం పెట్టించానని అందరూ అనుకుంటారు. కాదు, మేకల కోసం పెట్టించాను. సంత రోజున కొండల మీది నుంచి దిగే మేకలకి నా వరండాలోని విత్తనాల బస్తాలంటే మహా ప్రీతి. నేను లోపల కాటా దగ్గర ఉండగా బస్తా మూల కొరికేసి, నూనెకి ఆడించే వలిసె గింజలు సగం నేలపాలు చేసి, ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ నిలబడేవి. మేకని అడిగితే చెప్పదు. మేక గల ఆసామిని అడిగితే నాది కాదంటాడు. ఆ ఒళ్ళుమంటతో పెట్టించాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విజయనగరం వైపు పల్లె నుంచి పెళ్ళయి ఈ కొండల్లోకి వచ్చి సగం జీవితం గడిచింది. ఇక్కడి చలి అలవాటైంది, మంచు అలవాటైంది, కోపం మాత్రం అలాగే ఉంది. మా ఆయన పోయాక కొట్టు ఒక్కదాన్నే నడుపుకుంటున్నాను కాబట్టి ఇంకాస్త పదును తేలిందనే చెప్పాలి.

కొట్టు అరకు నుంచి ముంచింగిపుట్టు వైపు వెళ్ళే దారిలో, సంత జరిగే మైదానానికి ఎదురుగా ఉంది. వారమంతా కుక్కలు పడుకునే ఆ మైదానంలో సంత పూట కాలు పెట్టడానికి చోటుండదు. పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, కోళ్ళు కొండ దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, ప్లాస్టిక్ సామాను కొండ ఎక్కుతాయి. మధ్యాహ్నం దాటాక జీపులు నిండిపోయి, టాపు మీద కూడా మనుషులతో ఒడిశా వైపు వెళ్ళిపోతాయి. అలా వెళ్ళిన జీపుని మళ్ళీ పట్టుకోవాలంటే ఏ ఊరి పేరు అడగాలో కూడా తెలియదు.

కెమెరాలు బిగించడానికి వచ్చిన మనిషిని నిచ్చెన దిగనివ్వకుండా కింద నిలబడి ప్రశ్నలతో చంపాను. అందుకే నాకు కాస్త తెలుసు. ఇప్పటి కెమెరా ఒక్కొక్కటీ ఒక చిన్న కంప్యూటరట. తను చూసిన బొమ్మని తానే చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లం మీద చిరునామా వేసి పంపుతుంది. ఇంటికో డోర్ నంబరున్నట్టు కెమెరాకో నంబరు ఉంటుంది. నీలం రంగు కేబుల్ ఒకటే. కరెంటు అందులోనే వెళ్తుంది, బొమ్మ అందులోనే వస్తుంది. నాలుగు కెమెరాల కేబుళ్ళూ దీపాలు మిణుకుమనే స్విచ్ పెట్టెలోకి, అక్కడి నుంచి రికార్డరులోకి పోతాయి. రికార్డరు కడుపులో హార్డ్ డిస్కు ఉంటుంది. అది నిండితే ఆగదు, అన్నిటికంటే పాత రోజుని చెరిపి దాని మీద ఇవాళ్టిది రాసుకుంటుంది.

"అంతా రాసుకుంటా పోతే డిస్కు బేగి నిండిపోద్దమ్మా, కదిలితేనే రికార్డయ్యేలా పెడతాను" అన్నాడు. అంటే కెమెరా ఇందాకటి బొమ్మకీ ఇప్పటి బొమ్మకీ తేడా చూసుకుంటూ ఉంటుంది. తేడా వస్తేనే రికార్డరు మేలుకుంటుంది. ఏదీ కదలకపోతే ఆ సమయమంతా ఖాళీ. బొమ్మని గళ్ళుగా విడగొట్టి, ఏ గళ్ళలో కదలికని పట్టించుకోవాలో, ఏవి వదిలెయ్యాలో గుర్తులు పెట్టుకోమన్నాడు. పెరట్లో ఒక మూల, కంచె పక్కన, టార్పాలిన్ గాలికి ఎప్పుడూ కొట్టుకుంటుంది. అది కొట్టుకున్నప్పుడల్లా నా ఫోను గీ పెట్టేది. విసుగొచ్చి ఆ మూల గళ్ళన్నీ తీసేయించాను. అక్కడ నేను నిల్వచేసేది కొండచీపుర్లే కదా, మేకలు కూడా తినవు.

ఆ చీపుర్లు తెచ్చేది ఒక ముసలమ్మ. పైనున్న కొండ ఊరి నుంచి మోపు నెత్తిన పెట్టుకుని తెల్లవారకుండానే దిగుతుంది. నాకంటే పెద్దది, అందుకే అప్పా అంటాను. ఆవిడ నన్ను సావుకారమ్మా అంటుంది. వెనకాలే కొంగు పట్టుకుని ఐదేళ్ళ మనవరాలు, ఆవిడ మాటలో గుంట, వస్తుంది. ఆ పిల్ల తల్లి కాన్పులోనే పోయింది, తండ్రి వేరే మనువాడి వెళ్ళిపోయాడు. ముసలమ్మకి ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేరు. పిల్ల మాట్లాడదు. బిస్కెట్టు ఇస్తే తీసుకుంటుంది, నవ్వదు, వెళ్ళేటప్పుడు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆ వేళ సంత సగం విడిపోయే సమయంలో, ఆకాశం మబ్బేసి ఉండగా, ముసలమ్మ పరుగున కొట్లోకి వచ్చింది. ఆవిడ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"సావుకారమ్మా, నా గుంట అగుపడ్నేదు."

"ఎక్కడ ఒదిలీసినావు?"

"ఒదల్నేదమ్మా. పసుపు తూయించుకుంటన్నాను, కొంగట్టుకోని ఎనకాలే నిలబడింది. ఎనక్కి తిరిగితే కొంగుంది, గుంట నేదు. సంతంతా తిరిగినాను. నీ టీవీలో సూడమ్మా, బేగి సూడు."

అప్పటికే మైకులో పిల్ల పేరూ ఊరి పేరూ చెప్పి పిలిచారట, ఎక్కడి నుంచీ పలుకు లేదు. కొన్ని వారాలుగా ఫోన్లలో ఒకటే పుకారు తిరుగుతోంది, కొండ కింది మైదాన ప్రాంతం నుంచి ఎవరో బండ్లలో వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని. ఏ ఊర్లో ఎవరి పిల్ల పోయిందంటే చెప్పేవాడు లేడు. అయినా నమ్మనివాడూ లేడు. "నిప్పులేందే పొగ రాదమ్మా" అని నాకే నీతులు చెప్పేవారు. నేను నవ్విపారేసేదాన్ని, ఆ పూట నవ్వు రాలేదు.

తెర ముందు కూర్చుని, ఇప్పుడు జరుగుతున్నది మూసేసి, జరిగిపోయినది తెరిచాను. కింద సన్నటి గీత వస్తుంది, కదలిక ఉన్నచోట రంగు, లేనిచోట తెలుపు. వీధి కెమెరా గీతలో తెలుపన్నదే లేదు, సంత కదా. కెమెరా ఎత్తున ఉంటుంది కాబట్టి మనుషుల మొహాలు కనబడవు, నడినెత్తులు కనబడతాయి. నెత్తిన మూట, నెత్తిన బుట్ట, నెత్తిన గొడుగు. వాటి మధ్య ఒక ఐదేళ్ళ పిల్లని వెతకాలి.

"ఏ గౌను తొడిగినావు?"

"రోజారంగుది. పొద్దున సంతలోనే కొన్నాను, అప్పుడే తొడిగీసినాను."

ఎలా తెలిసిందో, నా వెనక జనం పోగయ్యారు. కొట్లో ఊపిరాడటం లేదు. నేను ముందుకి తిప్పుతున్నాను, ఆపుతున్నాను, మళ్ళీ తిప్పుతున్నాను. అప్పుడు తెర మీద ఒక మగమనిషి నడిచాడు. భుజాన సంచి, ఇంకో చేత్తో ఒక పిల్ల చెయ్యి. రోజారంగు గౌను. జంక్షన్లో బస్సులు ఆగే వైపు గబగబా వెళ్తున్నాడు, పిల్ల పరుగులాంటి నడకతో వెనక పడుతోంది.

"గౌను అదే" అంది ముసలమ్మ.

గౌను అదే అంది. గుంట అదే అనలేదు. ఆ తేడా నాకు వినిపించింది. "ఆగండి, మొగం కనబడ్నేదు" అంటూ వెనక్కి తిప్పబోయాను. ఇంతలో నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చింది, చేతిలో ఫోను, తెరకి ఫోటో కొట్టేసింది.

"ఎవడ్రా అది? ఎందుకు తీసినావు?"

తిరిగి చూస్తే అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. ఎవడూ నేనన్లేదు. తరవాత ఒక్కసారిగా కొట్టు ఖాళీ అయిపోయింది. గడప దాటుతూ "ఆడే, ఆడే" అనడం విన్నాను. నా ఫోను మోగింది. వర్తకుల గ్రూపులో ఫోటో పడింది. నా తెరే, నా తెర అంచున అంటించిన పసుపు బొట్టుతో సహా. కింద ఎవరో రాశారు, పిల్లల్నెత్తుకుపోయేవాడు వీడే, వదలొద్దు అని. నాకు అరికాళ్ళ నుంచి మంట లేచింది. అరవడానికి మాత్రం ఎదురుగా ముసలమ్మ తప్ప ఎవరూ లేరు.

వెనక్కి తిప్పి చూశాను. అదే రంగు గౌనుతో ఇంకో పిల్ల, తల్లి చంకలో. కాసేపటి తరవాత మూడో పిల్ల, ఐస్ పుల్ల చీకుతూ. బట్టల మూట విప్పినవాడు ఆ వేళ ఒకే రంగు గౌన్లు దించినట్టున్నాడు. అయితే మన పిల్లేది? పక్క సందు కెమెరా చూశాను, లేదు. కాటా దగ్గరిది చూశాను, లేదు. పెరటి కెమెరా గీత మధ్యాహ్నమంతా తెల్లగా ఉంది. అక్కడేమీ కదల్లేదు.

ఫట్‌మని కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌మనడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ముసలిది, ఎంతసేపు లాగుతుందో నాకే తెలియదు. జంక్షన్ వైపు నుంచి కేకలు వినిపించాయి. సంత కేకలు వేరు, ఇవి వేరు. ముసలమ్మ గుమ్మం వైపు కదిలి మళ్ళీ వెనక్కి వచ్చింది. అక్కడికి పరిగెత్తితే పిల్ల దొరుకుతుందో, ఇక్కడుంటే దొరుకుతుందో ఆవిడకి తెలియడం లేదు. నాకూ తెలియడం లేదు. ఆ కాసేపు నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు.

"అప్పా, సంతలో తప్పిపోతే ఆ గుంట ఎటు పరిగెడతాది? బస్సుకాడికా? ఊరి దారికా?"

"పరిగెట్టదమ్మా" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "అడివిలో దారి తప్పితే కదలొద్దని సెప్పినాను కదా. ఏదన్నా ఎనక్కి ఆనుకోని కూకోమన్నాను. పిలుపినబడినా పలకొద్దన్నాను. అడివిలో మనిసి గొంతుతోటి ఇంకోటి పిలుత్తాది. మొగం అగుపడినాకే పలకమన్నాను. మా ఊరి గుంటలకి అందరికీ అదే సెప్తాము."

ఆవిడ ఆ మాట మామూలుగా అనేసి మళ్ళీ గుమ్మం వైపు చూసింది. నేను మాత్రం తెర వైపు చూస్తూ ఉండిపోయాను. మైకులో పేరు పెట్టి పిలిస్తే అది మొహం లేని గొంతు. ఆ పిల్ల పలకదు. కదలొద్దంటే కదలదు. నా కెమెరాలేమో కదిలినదాన్నే పట్టుకుంటాయి. సంతలో కదిలిన ప్రతి మేకా, ప్రతి మూటా నా డిస్కులో ఉంది. కదలకుండా కూర్చున్న పిల్ల మాత్రం ఉండదు. నేను ఇంతసేపూ జరిగిపోయినదాంట్లో వెతుకుతున్నాను. ఆ పిల్ల ఎక్కడో ఇప్పుడు కూర్చుని ఉంది.

రికార్డింగు మూసేసి ప్రత్యక్ష దృశ్యం తెరిచాను. నాలుగు గళ్ళలో నాలుగు బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కటే పెద్దది చేశాను. వీధి. సందు. కాటా. యూపీఎస్ కుయ్‌కుయ్‌మనడం పెరిగింది. పెరడు పెద్దది చేశాను. టార్పాలిన్ గాలికి లేచి పడుతోంది. లేచినప్పుడు దాని కింద చీపురు కట్టలు, కట్టల మధ్య ఏదో గుడ్డ. పడ్డప్పుడు ఏమీ లేదు. మళ్ళీ లేచింది. గుడ్డ కింద రెండు పాదాలు, పక్కపక్కనే, బుద్ధిగా.

తెర నల్లబడిపోయింది.

చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టు అంటారు. ఆ సామెతని నేను ఎంతమంది మీద విసిరానో లెక్కలేదు. ఇద్దరం పెరట్లోకి పరిగెత్తాం. పొద్దున తన మామ్మ మోసుకొచ్చిన చీపుర్లకే వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. కంచె సందులోంచి దూరి వచ్చినట్టుంది, ఆ సందు కూడా మేము వదిలేసిన గళ్ళలోదే. జంక్షన్లో అంత గోల, మైకులో తన పేరు, ఏదీ పట్టించుకోలేదు. మమ్మల్ని చూసింది, మామ్మ మొహం సరిగ్గా చూసుకుంది, అప్పుడు "ఊ" అంది. ముసలమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచి, ఎత్తుకుని గుండెకి హత్తుకుని, ఏడుపూ తిట్లూ కలిపి తన భాషలో ఏదో అంటూ ఉంది. నేను కూడా ఏడ్చాను. ఏడవడానికి సమయం లేదని వెంటనే గుర్తొచ్చింది.

"అప్పా, పద. అక్కడ ఆడ్ని సంపేత్తారు."

జంక్షన్‌కి పెద్ద దూరమేమీ లేదు, అయినా ఆ నడక నాకు తెగలేదు. జనం గుండ్రంగా ఉన్నారు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి దువ్వెన్లు, జడ క్లిప్పులు, ప్లాస్టిక్ గాజులు రోడ్డు మీద చెల్లాచెదరుగా కనబడ్డాయి. అతని సంచిలోవి. అతను సంతసంతకీ వచ్చి అవి అమ్ముకునే కింది మైదాన ప్రాంతపు మనిషి, నా వరండాలోనే నీళ్ళు తాగుతాడు. ఫోటోలో నడినెత్తి చూసి నేనే పోల్చుకోలేకపోయాను. నేను గొంతు చించుకుని అరిచాను, ఎవడూ వినలేదు. ముసలమ్మ అరవలేదు. మోచేతులతో దారి చేసుకుంటూ మధ్యకి వెళ్ళి పిల్లని రెండు చేతులతో పైకెత్తింది.

"ఇదిగో నా గుంట! ఎవులూ ఎత్తుకెల్నేదు. ఇదిగో!"

చేతులు ఆగాయి. అందరూ ఆ పిల్లని చూశారు, ఆ గౌను చూశారు. ఎవడో ఇంకా తగ్గకుండా "మరి ఫోటోలో ఉన్న గుంటెవులు?" అన్నాడు.

కింద పడి ఉన్నతను తల ఎత్తాడు. మొహం మొహంలా లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి చిట్లి వాచిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నా కూతురు. ఇస్కూలు సెలవని తెచ్చినాను. బస్సు ఎల్లిపోతాదని బేగి నడిపిత్తన్నాను. నా కూతురేదమ్మా?"

అతన్ని లాగినప్పుడు ఆ పిల్ల చెయ్యి జారిపోయింది. అంతమందిలో ఒక్కరు కూడా ఆ పిల్ల ఎటు వెళ్ళిందో చూడలేదు.

ముసలమ్మ తన పిల్లని చంకనేసుకుని చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు వరసగా చూసింది. "నా గుంట నాకాడే ఉంది. ఆడి గుంటని ఎవులెత్తుకెల్లినారు? సెప్పండి. మీరే కదా" అంది.

ఇందాక కొట్టినవాళ్ళే నలుదిక్కులా వెతకడానికి పరిగెత్తారు. అతను లేవబోయి పడిపోయాడు. ఇద్దరు ఎత్తుకొచ్చి నా అరుగు మీద కూర్చోబెట్టారు. నేను కొట్లోకి వెళ్ళి నల్లటి తెర ముందు నిలబడ్డాను. కరెంటు వచ్చేదాకా చేసేదేమీ లేదు. బయట చినుకులు మొదలయ్యాయి. జీపులు ఒక్కొక్కటే హారన్ కొడుతూ కదులుతున్నాయి. ప్రతి హారన్‌కీ అరుగు మీది మనిషి లేవబోతున్నాడు. ముసలమ్మ భుజం పట్టి కూర్చోబెడుతోంది.

కరెంటు వచ్చింది. రికార్డరు మేలుకోవడానికి దాని సమయం అది తీసుకుంది. నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తెరుచుకున్నాక వీధి కెమెరాలో ఆఖరి ముక్క పెట్టాను. ఈసారి వెతకక్కర్లేకపోయింది. ఆ పిల్లకి కదలొద్దని ఎవరూ నేర్పలేదు. రోజారంగు గౌను, ఒక కాలికే చెప్పు, తెర కుడివైపు నుంచి ఎడమవైపుకి పడుతూ లేస్తూ పరుగు. జనం అంతా ఎదురు దిక్కున జంక్షన్ వైపు పరిగెడుతున్నారు, ఒకడు తగిలి తోసేసుకుంటూ కూడా వెళ్ళాడు. ఆ పిల్ల లేచి, సంత మైదానం పక్కన ఆగి ఉన్న వేరే బస్సు మెట్లెక్కింది. అక్కడితో ముక్క అయిపోయింది, యూపీఎస్ ఆగిపోయింది అప్పుడే.

బస్సు ఇంకా కదల్లేదని ఎవరో అరిచి చెప్పారు. ముసలమ్మ, మగవాళ్ళెవరినీ రావద్దని చెప్పి, మనవరాల్ని వెంటబెట్టుకుని తనే బస్సెక్కింది. చివరి సీటు కింద ఉందట. పెద్దవాళ్ళు పిలిస్తే రాలేదు. మనవరాలు వంగి తన మొహం చూపించాక, తనలాంటి గౌనే వేసుకున్న ఆ పిల్ల మొహాన్ని చూశాక బయటికి వచ్చిందట. ఆ సంగతి ముసలమ్మ తరవాత చెప్పింది. మేము చూసింది ఇద్దరు పిల్లలు చెరో చెయ్యి పట్టుకుని ముసలమ్మతో వానలో నడిచిరావడం.

అరుగు ముందు జనం పక్కకి తప్పుకున్నారు. నేను అంతకుముందే ఒక చెంబు నీళ్ళతో అతని మొహం కడిగాను, నెత్తురు పోయింది, వాపు పోలేదు. కూతుర్ని చూసి అతను చేతులు చాచాడు. ఏదో అన్నాడు, చిట్లిన పెదవిలోంచి అది పేరులా వినిపించలేదు.

ఆ పిల్ల అరుగు మీది మనిషిని చూసింది. మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. ముసలమ్మ వెనక నక్కి ఆవిడ చెయ్యి లాగింది.

"మా నాన్నేడి?"